బందరు చేరని ఓడ

పోయిన వారం మనం సరళాదేవిని ఆనందమ్మ ఇంటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వారికి నాలుగు ముక్కలు చెప్పి, ఆమెను లోపలికి పిలుద్దాం.

సరళ కరీంనగర్‌లో ప్రేమ్‌సాగర్‌రావు దొర గారి ఒక్కగానొక్క కూతురు. చరిత్ర చదువుకున్న పిల్ల, మొండిది. ఐదేళ్ల కింద టవర్ సర్కిల్ దగ్గర రేడియోలు, గడియారాలు బాగుచేసే పౌలును ఇష్టపడింది. సంగతి తెలిసిన రోజు తండ్రి జీపు వెళ్లి పౌలు ఇంటి ముందు ఆగింది. నెల తిరగకుండానే పౌలు మస్కట్ విమానం ఎక్కాడు. రెండేళ్లు ఉత్తరాలు రాశాడు. ఆ తర్వాత రెండేళ్లుగా ఒక్క ముక్క లేదు. వచ్చిన సంబంధాలన్నీ కాదని, సరళ టీచరు పరీక్ష రాసి ఉట్నూర్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. రేపు సోమవారం పొద్దున పదిన్నరలోగా అక్కడ చేరకపోతే ఆర్డరు రద్దవుతుంది. ఊరు విడిచే ముందు పౌలు తల్లి ఆనందమ్మకు ఒక మాట చెప్పి పోదామని వచ్చింది. వచ్చి, కిటికీ గట్టు మీద ఎండకు పెట్టిన నాలుగు బ్యాటరీ సెల్లు చూసింది. వాటి పక్కన సగం విప్పిన గుడ్డలో బూడిదరంగు ఆట మిషన్ ఒకటి ఉంది. మస్కట్ పోయేనాడు పౌలు అంగీ జేబులో పెట్టుకుపోయిన మిషన్ అదే.

"ఇది ఈడికెట్ల వచ్చింది అవ్వా?" అంది సరళ.

ఆనందమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఉదయం చర్చికి కట్టుకుపోయిన తెల్లచీర ఇంకా మార్చలేదు. సరళ చూపు ఎటు పోయిందో చూసి చాట పక్కన పెట్టి లేచింది. కిటికీ దగ్గరికి నడిచి ఆ గుడ్డ అంచు మిషన్ మీదికి లాగింది. దాచే పని ఆమెకు అలవాటు లేదు, ఆ సంగతి చేతుల్లోనే తెలిసిపోయింది.

"బక్కయ్య తెచ్చిండు దొర్సానీ. మస్కట్ల మా పిలగాని రూంల ఉండెటోడు. రెండేండ్లాయె" అంది.

"రెండేండ్ల సంది మీ దగ్గరున్నదా?"

"ఉన్నది."

"మరి నాకు చెప్పలే."

"నీకెందుకు చెప్పాలె? నువ్వు మాకేమైతవని చెప్పాలె?"

ఏమవుతుంది తను? పేరు పెట్టి పిలవదగ్గ వరస ఏదీ లేదు. పౌలు తల్లిని "అవ్వ" అంటాడు కాబట్టి తనూ అవ్వ అంటోంది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా "బిడ్డా" అనలేదు. ఐదేళ్లలో ఎప్పుడు ఎదురుపడ్డా "దొర్సానీ" అనే అంది. ఆ పిలుపులో మర్యాద ఎంతో, దూరం పెట్టడం ఎంతో సరళకు బాగా తెలుసు.

అయినా ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కిటికీ కింద నేల మీద కూర్చుని, గుడ్డ తీసి, మిషన్‌ను ఒళ్లో పెట్టుకుంది. దాని అంచుకు ఉన్న చిన్న ఎర్రదీపం పక్కన రంగు రేగిన గీత ఇంకా అలాగే ఉంది. ఆ గీత పడింది పౌలు స్క్రూడ్రైవర్ జారి, సరళ తన చేతివాచీ బాగుచేయించుకోవడానికి వెళ్లిన రోజున. చెప్పొద్దూ, దాన్ని చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

ఈ ఆట గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. సాగదీస్తున్నానని సంపాదకుల వారు నా మీద విసుక్కుంటారని తెలుసు, అయినా చెప్తాను.

అరచేతిలో పట్టే ఆ మిషన్‌ను దుబాయ్ నుంచి వచ్చిన ఎవరో బాగుచేయమని పౌలు షాపులో ఇచ్చి, మళ్లీ తీసుకుపోవడానికి రాలేదు. దాని తెరలో ఒక సముద్రం ఉంటుంది. మూడొందల యాభై ఏళ్ల కిందటి సముద్రం. చిన్న ఓడ ఒకటి మన చేతికిస్తారు. ఏ రేవులో ఏం సరుకు దొరుకుతుందో, ఏ రేవులో దానికి గిరాకీ ఉందో చూసుకుంటూ తిరగాలి. తుపాన్లుంటాయి, దొంగలుంటారు. అన్నిటికన్నా ముఖ్యం గాలి. చలికాలంలో పడమటికి తీసుకుపోతుంది, వానాకాలంలో వెనక్కి తెస్తుంది. ఆ గాలి తప్పిపోతే పరాయి రేవులో ఏడాదంతా పడి ఉండాల్సిందే.

వాచీ కోసం షాపు బల్ల ముందు కూర్చున్న సరళ ఆ తెర కుడి అంచున ఇంగ్లీషు అక్షరాల్లో మసూలిపటం అని చూసి లేచి నిలబడింది. "ఇది మన బందరు" అంది. బందరు రేవులో దొరికే సరుకుల పట్టీలో బట్టలతో పాటు ఉక్కు కనబడింది. అప్పుడిక ఆమెను ఆపడం పౌలు వల్ల కాలేదు. ఆ ఉక్కు మన నిర్మల్ దిక్కు నుంచే బండ్ల మీద బందరు పోయేదని, ఆ ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు ఇక్కడి కొలుముల దాకా వచ్చి కూర్చునేవారని, దాంతో అక్కడివాళ్లు కత్తులు చేసుకునేవారని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పౌలు స్క్రూడ్రైవర్ పట్టుకుని నోరు తెరుచుకుని విన్నాడు. చరిత్ర పాఠం చెప్పి మగవాడి మనసు గెలుచుకున్న ఆడపిల్ల ఈ జిల్లాలో మరొకరు ఉన్నారో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి ఆడారు. ఏ సరుకు ఎత్తాలో, ఏ రేవుకు పోవాలో సరళ చెప్పేది. ఓడ నడిపేది పౌలు. ఓడకు ఆరక్షరాల పేరు పెట్టమని మిషన్ అడిగితే ఇంగ్లీషు అక్షరాల్లో గోదారి అని పెట్టారు. చేరిన ప్రతి రేవులోనూ, లంగరు వేసిన ప్రతి చోటా చిట్టా పుస్తకంలో ఒక వరస రాసుకోవచ్చు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నవ్వుకునేవాళ్లు. పౌలు మస్కట్ పోయే ముందు రోజు కూడా ఓడను బందరు నుంచి కదిలించారు. "నిండ సరుకుతోని మల్ల బందరు వస్త. అప్పటిదాంక ఓడను గీ రేవులకు తీసుకరాను. దించెటప్పుడు నువ్వుండాలె" అన్నాడు పౌలు. ఆమె సరేనంది. అంతకంటే పెద్ద మాటలేవీ వాళ్లిద్దరూ ఇచ్చిపుచ్చుకోలేదు.

"ముట్టకు" అంది ఆనందమ్మ. "సెల్లు తీస్తె అండ్లున్నదంత పోతదట. వాడు చెప్పిండు."

"బక్కయ్య చెప్పిండా, పౌలు చెప్పిండా?"

ఆనందమ్మ ఒక్క క్షణం తడబడింది. "బక్కయ్యతోని చెప్పి పంపిండు" అంది.

ఆ మిషన్ జ్ఞాపకశక్తి అంతా సెల్లలోనే ఉంది. పాతవి తీసి నిమిషంలోగా కొత్తవి వేయకపోతే ఓడా, సముద్రం, చిట్టా పుస్తకం అన్నీ చెరిగిపోతాయి. ఆనందమ్మ దగ్గర నాలుగేసి చొప్పున రెండు జతల సెల్లున్నాయి. ఒక జత మిషన్‌లో ఉంటే రెండోది ఎండలో ఉంటుంది. ఎండకు పెడితే సెల్లు మళ్లీ బతుకుతాయని మన ఇళ్లలో ఉన్న నమ్మకాన్ని ఏ కంపెనీవాడూ పోగొట్టలేడు. మార్చేటప్పుడు ఆమె పరలోక ప్రార్థన మొదలుపెడుతుంది. ప్రార్థన సగానికి రాకముందే కొత్తవి నాలుగూ వేసి మూత పెట్టేస్తుంది. గడియారం చూడటం రాని మనిషి, రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇదంతా ఆనందమ్మే చెప్పింది. కోపంగానే చెప్పింది, కానీ చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం ఉంది. సరళ వింటూ ఆమె చేతులు చూసింది. ఆస్పత్రిలో ఆయా పని చేసి చేసి, ఫినాయిల్ నీళ్లకు వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయిన చేతులు. ఈ ఆట ఏమిటో ఆవిడకు తెలియదు. లోపల ఓడ ఉందని కూడా తెలియదేమో. కొడుకు బతికించమన్నాడని బతికించింది.

సరళ మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది, కానీ మసకగా ఉంది. ఎండకు పెట్టిన సెల్లకు అంతకంటే ఓపిక ఉండదు.

గోదారి ఓడ మస్కట్‌లోనో, బస్రాలోనో ఉంటుందని ఆమె అనుకుంది. రెండేళ్లుగా ఆమె ఊహలో ఆ ఓడ ఎప్పుడూ నిండుగా ఉండేది. ఖర్జూరం, పన్నీరు, ముత్యాలు. నిద్ర పట్టనప్పుడు ఏ సరుకు ఎక్కడ దించాలో లెక్క వేసుకుంటూ పడుకునేది. అలా ఎన్ని వందల సార్లు దాన్ని బందరుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు.

తెర మీద తూర్పు తీరం కనబడింది. ఓడ బందరు రేవు బయట లంగరు వేసి ఉంది. రేవుకు రెండు వేళ్ల దూరం కూడా లేదు.

సరుకుల పట్టీ తెరిచింది. ఒక్క వరసలోనూ ఏమీ లేదు. కింద ఖాళీ అని మాత్రం ఉంది.

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. చిట్టా పుస్తకం తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో పౌలు మాటలు.

మస్కట్: ఉక్కు దించిన. ఎండ శాన.

బస్రా: ఉత్తరం వచ్చింది. మూడు సార్లు చదివిన.

మస్కట్: ఖర్జూరం ఎత్తిన. ఇంటి మీద పాణం కొట్టుకుంటుంది.

మస్కట్: కంపెని బంద్. పాస్‌పోర్ట్ ఇస్తలేరు.

సూరత్: సరుకంత పాయె. కట్టుబట్టలతోని దిగిన.

ఆ తర్వాత ఇంకే రేవు పేరూ లేదు. బందరు బయట, బందరు బయట, బందరు బయట. ఒకటే చోటు, ఇరవై వరసలకు పైగా. ఖాళీగ ఎట్ల వస్త. ఇంకొక ఏడాది ఆగుత. అవ్వ సన్నబడ్డది. ఒక వరస దగ్గర సరళ ఆగిపోయింది.

సరళను చూసిన. బస్టాండ్ల. పిలవలే.

సరళ ఆ వరసను ఎన్నిసార్లు చదివిందో. ఏ రోజు అది? ఏ బస్సు కోసం నిలబడింది తను? ఏ చీర కట్టుకుంది? అతను ఎంత దూరంలో ఉన్నాడు? తల తిప్పి ఉంటే కనబడేవాడేమో. ఆ ఒక్క పనీ చేయనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఏమీ ఎరక్కుండా ఏదో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, అంతే కదా.

చివరి వరసకు వచ్చింది.

ఉట్నూర్ అట. మంచిగయింది.

ఉట్నూర్ ఆర్డరు వచ్చి మూడు వారాలైంది. ఆ రోజు కూరగాయల మార్కెట్లో ఆనందమ్మ ఎదురుపడితే, మనసు ఆగక, తనే ఆపి చెప్పింది. బక్కయ్య రెండేళ్ల కింద తెచ్చి ఇచ్చిన మిషన్‌లో మూడు వారాల కిందటి ముచ్చట ఎలా వచ్చింది?

సరళ తల ఎత్తింది. "అవ్వా, ఆయన వచ్చిండు" అంది.

ఆనందమ్మ వెళ్లి కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకుని మళ్లీ బియ్యం ఏరసాగింది. ఏరిన బియ్యాన్నే ఏరుతోంది.

"ఈడనే ఉన్నడు. ఈ ఇంట్ల కూసోని ఇది రాసిండు. నాకు ఉట్నూర్ల కొలువు వచ్చిందని మీరే చెప్పిన్రు ఆయనకు. నేను మీకు తప్ప ఈ గల్లీల ఎవ్వలకు చెప్పలే."

"నాకు చదువు రాదు దొర్సానీ. అండ్ల ఏమున్నదో నాకేం తెల్సు."

"నాకు చదువొస్తది. ఇగో, రాసిండు. నన్ను బస్టాండ్ల చూసిన అని రాసిండు. పిలవలే అని రాసిండు." సరళ తెరను ఆమె వైపు తిప్పింది. "రెండేండ్ల సంది ప్రతి ఆదివారం ఏదో పని పెట్టుకోని గీ సందుల నుంచే పోయిన నేను. మీరు గీ కిటికీల నుంచి చూసిన్రు. ఒక్కసారన్న ఆగమనలే. ఆయన ఉన్నడో లేడో అని నేను సచ్చి బతుకుతుంటే, మీరు ఈడ సెల్లు మార్చుకుంట కూసున్నరు."

"మరేం చెయ్యమంటవ్?" ఆనందమ్మ చాట కింద పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు, కానీ ఈసారి ఆగలేదు కూడా. "వాడు బైబిల్ తెచ్చి నా చెయ్యి దాని మీద పెట్టించిండు. సరళకు చెప్పనని ఒట్టు పెట్టు అవ్వా అన్నడు. దుబాయ్ పోయినోడు, మస్కట్ పోయినోడు ఎట్ల వస్తడు నీకు తెల్వదా? రెండు సూట్‌కేసులు, టేప్‌రికార్డరు, ఇంటింటికి సెంటు సీసాలు. గల్లీ అంత చూడనీకె వస్తది. నా కొడుకు చేతుల ఒక్క సంచి పట్టుకోని దిగిండు. అంగి చినిగి ఉండె. ఈ ఊర్లె మొఖం ఎట్ల చూపెట్టాలె అన్నడు. అన్నీ సంపాయించుకోని గప్పుడే మస్కట్ నుంచి దిగినట్టు వస్త, అప్పటిదాంక నేను ఆడనే ఉన్నట్టు చెప్పు అన్నడు."

"ఎక్కడున్నడు ఇన్ని దినాలు?"

"భైంసాల. పత్తి మిల్లుల. నెలకొక్క ఆదివారం వస్తడు, చీకటి పడ్డంక. నా చేతి బువ్వ తింటడు, గా డబ్బ ముందలేసుకోని ఒక గంట కూసుంటడు, పోతడు. రూంల నలుగురుంటరు, ఎవలన్న సెల్లు తీస్తె పాయె అని దాన్ని నా కాడ పెట్టిండు."

భైంసా. బస్సులో అయిదారు గంటల దూరం. రెండేళ్లుగా సరళ అరేబియా సముద్రం మీద వెతుకుతున్న మనిషి భైంసాలో పత్తి తూకం వేస్తున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇంతసేపూ బిగబట్టిన ఏడుపంతా ఇప్పుడు వచ్చింది.

"నాకు టేప్‌రికార్డరు కావాలన్ననా అవ్వా? సెంటు సీస కావాలన్ననా?"

"నువ్వనలే. మీ నాయిన జీపు మా ఇంటి ముందట ఆగిననాడు ఏమన్నడో నీకు తెల్వదు. గడియారాల మూతలు తీసెటోడు నా బిడ్డకు ఏం పెడ్తడన్నడు. నా కొడుకు తల దించుకోని నిలవడ్డడు. నేను వాకిట్ల నిలవడి విన్న. గా మాట వాని కడుపుల ఉన్నది. నువ్వు ఎంత మంచిదానివైన, గా మాట తీసెయ్యలేవు."

సరళ ఈ మాట ఇప్పుడే మొదటిసారి విన్నది. తండ్రి జీపులో వెళ్లాడని తెలుసు, ఏమన్నాడో ఎవరూ చెప్పలేదు. పౌలు ఉత్తరాల్లో కూడా ఎప్పుడూ రాయలేదు. ఆమెకు ఎదురుగా కూర్చున్న ఈ ముసలామె మీద కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఒక్కగానొక్క కొడుకు దొంగలా చీకట్లో వచ్చి తిని పోతుంటే, పక్కింటివాళ్లకు మస్కట్‌లో బాగున్నాడని చెప్పుకుంటూ రెండేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. తాను కాచుకున్నదానికంటే ఈమె తక్కువేం కాచుకోలేదు.

ఒళ్లో ఎర్రదీపం ఇంకా మసకబారింది. సరళ కళ్లు తుడుచుకుని తెర వైపు చూసింది.

బందరు రేవు బయట గోదారి అలాగే ఊగుతోంది. ఓడ ముక్కును రేవు వైపు తిప్పితే మిషన్ ఒక ప్రశ్న అడుగుతుంది: లోపలికి పోవాలా, వద్దా? పౌలు ఇరవై సార్లు ఈ ప్రశ్న దాకా వచ్చి వద్దని నొక్కి ఉంటాడు. దించేటప్పుడు నువ్వుండాలె అన్నాడు. ఇప్పుడు ఆమె ఉంది. ఓడ నడపడం ఎప్పుడూ అతని పనే, ఆమె వేళ్లకు మీటలు సరిగ్గా అలవాటు లేవు. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి ఓడ తిరిగింది.

పోవాలి, అని నొక్కింది.

నిండు ఓడతో వచ్చినప్పుడు బందరు రేవులో డోలు మోగుతుంది. వాళ్లిద్దరూ ఎన్నోసార్లు విన్నారు. ఖాళీ ఓడతో వస్తే ఏమవుతుందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. వెళ్లగొడతారేమో, ఆట అయిపోతుందేమో. డోలు మోగలేదు. ఎప్పుడూ వచ్చే తలపాగా రేవు అధికారి ఎప్పటిలాగే గట్టు మీదికి నడిచి వచ్చాడు. "ప్రయాణం క్షేమంగా జరిగిందా?" అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు. ఓడను గుంజకు కట్టేశారు. అంతే.

అంతే. ఇంత చిన్న సంగతి కోసం రెండేళ్లు.

చిట్టా పుస్తకంలో కొత్త వరస తెరుచుకుంది. బందరు, అని ఉంది, బయట అనే మాట లేదు. ఆమె ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాసింది: ఖాళీగ వచ్చినా నేనున్న. సరళ. దాన్ని మిషన్‌లో భద్రం చేసి, మీట కట్టేసింది. ఆనందమ్మను అడిగి ఎండలో ఉన్న సెల్లు తెచ్చి ఇద్దరూ కలిసి మార్చారు. పెద్దామె ప్రార్థన చదివింది, సరళ సెల్లు వేసింది. సగానికి ముందే మూత పడింది.

"వచ్చే నెల వచ్చినప్పుడు చూస్తడు" అంది సరళ. "నేను వచ్చిన అని చెప్పకున్రి అవ్వా. దాన్నే చూడనియ్యిన్రి."

ఆనందమ్మ మిషన్ చుట్టిన గుడ్డను మడుస్తోంది. మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. సరళ బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. ఉట్నూర్ బస్సుకు ఇంకా గంట ఉంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆమె గుండె తేలిగ్గా ఉంది. నెల రోజులు ఎంతలో గడుస్తాయి, ఇన్ని ఏళ్లు గడిపిన మనిషికి?

"వాడు దాన్ని చూడడు" అంది ఆనందమ్మ.

"ఎందుకు?"

"మొన్న వచ్చిందే ఆఖరు. నీకు కొలువు అయ్యిందని చెప్పినంక, ఇగ ఆమె బతుకు ఆమెకు కుదిరిందవ్వా, నా కోసం ఆగే పని లేదన్నడు. మల్ల మస్కట్ పోతుండు. వీసా వచ్చిందట. రేపు తెల్లారంగ భైంసాల నాందేడు బస్సెక్కుతడు, ఆన్నుంచి బొంబాయి." ఆమె గుడ్డ వదిలేసింది. "ఈ సారి దాన్ని కూడ తీస్కపోలే. సెల్లు ఇగ మార్చకు అన్నడు. నేనే ఊకోలేక మారుస్తున్న."

సరళ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. మంచిగయింది, అని రాశాడు. ఆ మాటను ఆమె సంతోషం అనుకుంది. అది సెలవు తీసుకోవడం అని ఇప్పుడు తెలిసింది.

బ్యాగులో ఆర్డరు కాగితం ఉంది. ఆ కాగితం కోసం తండ్రితో మాటలు మానేసి, రెండేళ్లు మేడ మీద గదిలో కూర్చుని చదివింది. ఎవరి దయా లేకుండా పౌలు కోసం ఎదురుచూడటానికి తెచ్చుకున్న ఉద్యోగం అది. జన్నారం మీదుగా ఉట్నూర్ పోయే బస్సు నాలుగున్నరకు. భైంసా పోవాలంటే ఎక్కాల్సిన నిర్మల్ బస్సు నాలుగింటికే. ఒకటి తూర్పు దారి, ఒకటి పడమటి దారి. గోడ మీది గడియారం మూడున్నర దాటింది.

"భైంసాల ఏ మిల్లు అవ్వా?"

"మరి రేపటి నీ కొలువు?"

"తెల్వది" అంది సరళ. నిజంగానే ఆమెకు తెలియదు.

ఆనందమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఏరిన బియ్యం చాటను అలాగే తీసి అటక కింద పెట్టింది. దండెం మీది దుప్పటి లాగి భుజాన వేసుకుంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది.

"నడువు బిడ్డా" అంది. "నువ్వొక్కదానివి పోయి పిలిస్తె వాడు తలుపు తియ్యడు. నేను పిలుస్త."